గేట్లు ఎత్తితే పోటు - దించితే పాటు
కృష్ణ రేవుల్లో పడవ వున్నవారు ఎరిగి వుండాల్సిన సంగతులు

మిర్యాలగూడ: సముద్రం దాపున పడవ నడిపేవారికి పోటు, పాటు తెలియకపోతే పూట గడవదు. కృష్ణ సముద్రంలో కలిసే దివిసీమలో ఏ పిల్లవాణ్ణి అడిగినా ఇవాళ పోటు ఎప్పుడో, పాటు ఎప్పుడో చెబుతాడు. అక్కడికి రెండు వందల కిలోమీటర్లకు పైగా ఎగువన వున్న వాడపల్లి, మట్టపల్లి రేవులకు సముద్రపు పోటు రాదు. అయినా ఇక్కడి నది కూడా పెరుగుతుంది, తరుగుతుంది. రాత్రి నీటిలో కట్టిన పడవ తెల్లవారేసరికి బురదలో కూర్చున్న సందర్భాలు వున్నాయి. ఒడ్డున వున్న పడవ నడి నీటిలోకి పోయిన సందర్భాలూ లేకపోలేదు.

అక్కడ పోటుకు చంద్రుడు కారణం. ఇక్కడ ప్రాజెక్టుల గేట్లు కారణం. చంద్రుడి రాకపోకలు పంచాంగంలో వుంటాయి. గేట్ల రాకపోకలు ఏ పంచాంగంలోనూ వుండవు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో పడవ కొన్నవారూ, కొనదలచినవారూ, పడవ ఎక్కేవారూ ముందుగా గ్రహించాల్సిన సంగతి ఇదే.

ఎన్ని రకాల పడవలు

ఈ ప్రాంతంలో పడవ అంటే ఒక్కటే రకం కాదు. చెరువుల్లో, మూసీ ప్రాజెక్టులో చేపలు పట్టేవారికి పుట్టి వుంటుంది. వెదురు బద్దలతో బుట్టలా అల్లి, కింద పట్టా వేసి తారు పూసేది పుట్టి. పూర్వం పట్టాకు బదులు తోలు కప్పేవారు. ఒక మనిషి తలమీద పెట్టుకుని మోసుకుపోగలగడం దీనిలోని సుఖం. గుండ్రంగా వుండటం వల్ల తెడ్డు వేయడం రానివాడి చేతిలో ఉన్నచోటే గిరగిర తిరగడం దీనిలోని కష్టం.

కృష్ణ మీద నాటుపడవలు, ఇంజను పడవలు వున్నాయి. ఇటీవలి కాలంలో చెక్కకు బదులు ఫైబర్ పడవలు వచ్చాయి. వంతెన లేని రేవుల్లో బల్లకట్టు నడుస్తుంది. రెండు పడవలను జోడించి పైన బల్లలు పరిచేది బల్లకట్టు. మోటారు సైకిళ్లు, ధాన్యం బస్తాలు, పశువులు కూడా దీనిమీద నది దాటుతాయి. ఇక నాగార్జునసాగర్ జలాశయంలో పర్యాటకులను తిప్పే లాంచీల సంగతి అందరికీ తెలిసిందే.

వాడపల్లి నుంచి పొందుగులకు రోడ్డు వంతెన వుంది. మట్టపల్లికి ఎదురుగా తంగెడకూ వంతెన వచ్చింది. అందువల్ల దాటుడు పడవల అవసరం వెనకటంత లేదు. అయినా నది పొడుగునా చేపల వేట మీద బతికేవారికి, అవతలి ఒడ్డున చుట్టరికాలు, పొలం పనులు వున్నవారికి, ఆలయాలకూ జాతరలకూ వచ్చేవారికి పడవతో పని తప్పడం లేదు. పులిచింతల ప్రాజెక్టు కట్టిన తరువాత నది వెడల్పై చెరువులా నిలవడంతో చేపల పడవలు తిరిగే మేర కూడా పెరిగింది.

అక్కడి పోటుకు లెక్క వుంది

పోటు అంటే సముద్రపు నీరు నదిలోకి ఎగదన్నడం. పాటు అంటే ఆ నీరు తిరిగి వెనక్కు పోవడం. మన తూర్పు తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి. పోటు మొదలైన సుమారు ఆరు గంటలకు పాటు అందుకుంటుంది. ఇవాళ వచ్చిన పోటు రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకు, పున్నమికి అటూ ఇటూ పోటు పెద్దది. అష్టమి రోజుల్లో చిన్నది.

నాగాయలంక మండలంలో ఏటిమొగ నుంచి ఎదురుమొండి దీవులకు పోయేవారు ఈ లెక్కను బట్టే ప్రయాణం పెట్టుకుంటారు. ఎగువకు పోవాలంటే పోటు కోసం ఆగుతారు. సముద్రం వైపు పోవాలంటే పాటు కోసం ఆగుతారు. నీటితో కలిసి పోతే చమురు కలిసి వస్తుంది, కండ కలిసి వస్తుంది. నీటికి ఎదురు పోతే రెండూ ఖర్చే. పడవ రేవులో కట్టేటప్పుడు కూడా పాటు వేళ నీరు ఎంత దిగుతుందో ముందే చూసుకుని తాడు వదులుతారు.

ఈ పోటు విజయవాడ దగ్గరి ప్రకాశం బ్యారేజీని దాటి పైకి రాదు. 1850 ప్రాంతాల్లో బెజవాడ వద్ద ఆనకట్ట కట్టినప్పటి నుంచీ సముద్రపు నీటికీ ఎగువ కృష్ణకూ మధ్య అడ్డు పడింది. 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. దానికి ఎగువన నది నడక పూర్తిగా మనిషి చేతిలోకి పోయింది.

ఇక్కడి పోటుకు గేటే లెక్క

వాడపల్లి రేవులో నిలబడి చూస్తే మూడు దిక్కుల నుంచి గేట్ల ప్రభావం కనిపిస్తుంది.

ఎగువన నాగార్జునసాగర్ వుంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ డ్యాంకు 26 క్రస్టు గేట్లు వున్నాయి. వరద రోజుల్లో గేట్లు ఎత్తితే వచ్చే నీరు అందరికీ తెలుస్తుంది. పత్రికల్లో పడుతుంది, రేడియోలో చెబుతారు, జనం చూడటానికి బస్సులెక్కి పోతారు. అయితే గేట్లు ఎత్తని రోజుల్లో కూడా నీరు వస్తుంది. డ్యాం కింద వున్న విద్యుత్కేంద్రంలో కరెంటు తీసినప్పుడల్లా నీరు దిగువకు పడుతుంది. ఈ కేంద్రంలోని 8 యూనిట్లలో 7 యూనిట్లు రెండు రకాలుగా పని చేస్తాయి. కరెంటు వాడకం ఎక్కువగా వున్న వేళ నీటిని కిందికి వదిలి కరెంటు తీస్తాయి. వాడకం తక్కువగా వున్న వేళ అదే నీటిని తిరిగి పైకి తోడతాయి. ఇలా తోడటానికి నీరు నిలవ వుండాలని సాగర్‌కు సుమారు 21 కి.మీ. దిగువన, సత్రశాల దగ్గర టెయిల్‌పాండ్ డ్యాం కట్టారు. దీనికి ఇవతలి ఒడ్డు అడవిదేవులపల్లి మండలం. టెయిల్‌పాండ్ నుంచి నీరు వదిలినప్పుడు అడవిదేవులపల్లి, దామరచర్ల మండలాల రేవుల్లో నది ఒక్కసారిగా పొంగుతుంది. ఆపినప్పుడు బండలు బయటపడతాయి.

పక్క నుంచి మూసీ వస్తుంది. సూర్యాపేటకు ఎగువన సోలిపేట వద్ద 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టు నీటి నిలవ 4.46 టి.ఎం.సి.లు. హైదరాబాదులో, భువనగిరి ప్రాంతంలో పెద్ద వాన పడితే మూసీ గేట్లు ఎత్తుతారు. ఆ నీరు సూర్యాపేట పక్కనుంచి పోయి వాడపల్లి వద్ద కృష్ణలో పడుతుంది. వాడపల్లిలో చుక్క వాన లేకున్నా, సాగర్ గేట్లన్నీ మూసి వున్నా, సంగమం దగ్గర నీరు అడ్డంగా తోసుకు వచ్చే రోజులు వుంటాయి. కృష్ణ వెంబడి నేరుగా వచ్చే పడవను ఈ అడ్డపు తోపు పక్కకు తిప్పేస్తుంది. సంగమం దగ్గర ఇంజను వేగం తగ్గించి, పడవ ముక్కును వచ్చే నీటికి ఎదురుగా పెట్టి దాటాలన్నది అనుభవజ్ఞుల మాట. మూసీతో పాటు కొట్టుకొచ్చే గుర్రపుడెక్క, చెత్త ఇంజను పంకాకు చుట్టుకునే బెడద కూడా ఇక్కడే ఎక్కువ.

దిగువన పులిచింతల వుంది. 1988లో ఎన్.టి.రామారావు శంకుస్థాపన చేసిన ఈ ప్రాజెక్టును 2013 డిసెంబరు 7న జాతికి అంకితం చేశారు. దీనికి డాక్టర్ కె.ఎల్.రావు సాగర్ అని పేరు. నీటి నిలవ 45.77 టి.ఎం.సి.లు, పూర్తి మట్టం 175 అడుగులు. కోదాడ, హుజూర్‌నగర్ వైపు చింతలపాలెం మండలం దీనికి ఎడమ ఒడ్డు. పులిచింతల నిండితే మట్టపల్లి వరకూ నది నిలవ నీరవుతుంది. నిలవ నీటిలో ప్రవాహపు భయం తక్కువ. అందుకని భయమే లేదనుకోవడం పొరపాటు. వెడల్పయిన నీటి మీద గాలి లేస్తే అలలు లేస్తాయి. ఎండాకాలం మధ్యాహ్నం దాటాక వచ్చే గాలిదుమారం పావుగంటలో నదిని మార్చేస్తుంది. పైగా ముంపు గ్రామాల చెట్ల మోళ్లు, గోడల శిథిలాలు నీటి కింద వుంటాయి. నిండు నీటిలో అవి లోతున వుండి అడ్డు రావు. మట్టం సగానికి దిగినప్పుడు అవే పడవ అడుగును చీలుస్తాయి. పాత ఊళ్లు ఎక్కడ వుండేవో ఎరిగినవారు వాటిని తప్పించి పోతారు. కొత్తవారికి ఆ దారి చూపే గుర్తు నీటి మీద ఏదీ వుండదు.

గేట్లు ఎప్పుడూ మనిషి ఎత్తితేనే తెరుచుకుంటాయన్న నమ్మకం కూడా లేదు. 2019 అక్టోబరులో మూసీ ప్రాజెక్టు గేటు ఒకటి కొట్టుకుపోయింది. 2021 ఆగస్టు 5 తెల్లవారుజామున పులిచింతల 16వ నంబరు గేటు కొట్టుకుపోయింది. మరమ్మతు కోసం జలాశయాన్ని చాలావరకు ఖాళీ చేయాల్సి వచ్చింది. ఇటువంటి వేళ దిగువనున్న పడవకు వరద, ఎగువనున్న పడవకు బురద.

క్యూసెక్కు అంటే ఎంత

నీరు వదిలారన్న వార్తలో క్యూసెక్కుల లెక్క చెబుతారు. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పోతే ఒక క్యూసెక్కు. అంటే సెకనుకు 28 లీటర్లకు కాస్త ఎక్కువ. లక్ష క్యూసెక్కులంటే సెకనుకు 28 లక్షల లీటర్ల పైన. నాటుపడవకు, తెడ్డుకు ఇది ఎదురొడ్డే నీరు కాదు. సాగర్ దగ్గర వదిలిన నీరు రేవు చేరడానికి గంటలు పడుతుంది. ఆ గంటలే పడవ వున్నవాడికి దొరికే వ్యవధి. వార్త విన్న వెంటనే పడవను పైకి లాగినవాడికి పడవ మిగులుతుంది.

వార్త అందనప్పుడు నీరే కొన్ని గుర్తులు చెబుతుంది. తేటగా వున్న నీరు ఉన్నట్టుండి మట్టి రంగుకు మారడం, పుల్లలూ ఆకులూ నురుగూ కొట్టుకు రావడం, ఒడ్డున పాతిన కర్ర మీద తడి గుర్తు మునిగిపోవడం, ఎగువ నుంచి హోరు వినపడటం - వీటిలో ఏ ఒకటి కనిపించినా నడి నదిలో వున్న పడవ దగ్గరి ఒడ్డుకు చేరాలి. వల మీద మమకారంతో ఆగరాదు. వల పోతే మళ్లీ కొనవచ్చు.

రేవులో ఒక కర్ర పాతి, దానిపై అడుగులు, అంగుళాలు గీతలు గీయించి రోజూ ఉదయం, సాయంత్రం చూసే అలవాటు పెట్టుకుంటే నెల రోజుల్లో ఆ రేవు నడత ఎవరికైనా పట్టుబడుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

పడవ మునిగేది ఎందువల్ల

నీరు ఎక్కువగా వుండటం వల్లనే పడవలు మునుగుతాయనుకుంటే సరికాదు. మన రెండు రాష్ట్రాల్లో జరిగిన పెద్ద ప్రమాదాల వెనుక మనిషి చేసిన తప్పే కనిపిస్తుంది.

2017 నవంబరు 12న విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం ఫెర్రీ వద్ద, కృష్ణలోనే, పర్యాటకుల పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ పడవకు అనుమతి లేదు. పట్టగలిగిన దానికన్నా ఎక్కువ మంది ఎక్కారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద 77 మందితో పోతున్న పడవ మునిగింది. 26 మంది మాత్రమే బతికి బయటపడ్డారు. ఆ రోజు గోదావరిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద పోతున్నది. మునిగిన ఆ పడవను బయటికి తీయడానికి నెల రోజుల పైన పట్టింది.

ఎంత బరువు వేస్తే పడవ ఎంత దిగుతుందో ఇంటి దగ్గరే లెక్క కట్టుకోవచ్చు. నీటిపై ఆనే మేర 20 అడుగుల పొడవు, సగటున 3 అడుగుల వెడల్పు వున్న పడవను తీసుకుందాం. విస్తీర్ణం 60 చదరపుటడుగులు. ఈ పడవ ఒక అంగుళం దిగాలంటే 5 ఘనపుటడుగుల నీటిని పక్కకు నెట్టాలి. ఆ నీటి బరువు సుమారు 140 కిలోలు. అంటే ఇద్దరు మనుషులు ఎక్కితే పడవ ఒక అంగుళం దిగుతుంది. పది మంది ఎక్కితే అయిదు అంగుళాలు. 75 కిలోల ధాన్యం బస్తాలు పది వేస్తే మరో అయిదు అంగుళాల పైన. నిండు బరువుతో వున్నప్పుడు నీటికీ పడవ అంచుకూ మధ్య కనీసం జానెడు మిగలాలి. గాలి రోజుల్లో మూరెడు మిగలాలి. అంత మిగలలేదంటే ఎక్కినవారిని దింపాల్సిందే. పడవ పక్కన తెల్లరంగుతో ఒక గీత గీసి, ఆ గీత మునిగితే పడవ కదలదని కట్టడి పెట్టుకోవడం మేలు. మాటతో వినని ప్రయాణికుడు గీతను చూస్తే వింటాడు.

పడవలో నిలిచే నీటిని తోడకపోవడం మరో తప్పు. అదే పడవ అడుగున మూడు అంగుళాల నీరు చేరితే దాని బరువు నాలుగు వందల కిలోల పైన. ఆరుగురు మనుషులు అదనంగా ఎక్కినట్టే. మనుషులైతే చెప్పినచోట కూర్చుంటారు. నీరు అలా కూర్చోదు. పడవ ఎటు వాలితే అటే పరుగెత్తి ఆ వాలును ఇంకా పెంచుతుంది. కనుక బయలుదేరే ముందు చివరి చుక్క వరకూ తోడాలి. తోడే డబ్బా ఎప్పుడూ పడవలోనే వుండాలి.

జనం లేచి నిలబడటం, ఒక పక్కకు చేరడం మూడో తప్పు. అవతలి ఒడ్డు వస్తున్నదనగానే అందరూ లేచి ముందుకు జరగడం ప్రతి రేవులోనూ కనిపించేదే. నడి నదిలో భద్రంగా వచ్చిన పడవ ఒడ్డు దగ్గర బోల్తా పడేది ఇందువల్లనే. తాడు కట్టేవరకూ ఎవరూ లేవకూడదని సరంగు గట్టిగా చెప్పాలి. "ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, ఓడ దిగాక బోడి మల్లయ్య" అని సామెత. ఎక్కినప్పటి నుంచి దిగేవరకూ మల్లయ్య మాట వినడం ప్రయాణికుల క్షేమానికే.

రక్షణ జాకెట్లు కొని పడవ మూలన కట్ట కట్టి పెట్టడం వల్ల ప్రయోజనం లేదు. పడవ బోల్తా పడే వేళ వాటిని విప్పి తొడుక్కునే సమయం వుండదు. ఎక్కేటప్పుడే తొడగాలి, తాళ్లు కట్టాలి. పిల్లలకు పిల్లల కొలత జాకెట్లే వేయాలి. పెద్దల జాకెట్టులోంచి పిల్లలు జారిపోతారు. గాలి నింపిన లారీ ట్యూబు ఒకటి, పొడవాటి తాడు ఒకటి అదనంగా వుంచుకోవాలి.

కట్టేయడం కూడా ఒక విద్యే

నడపడం వచ్చినవారిలో కూడా కట్టేయడం రానివారు వున్నారు. తాడు బిగించి కట్టిన పడవకు నీరు పెరిగితే ముక్కు కిందికి గుంజుకుపోయి నీరు లోపలికి ఎక్కుతుంది. నీరు తగ్గితే పడవ తాడుకు వేలాడి ఒక పక్కకు ఒరుగుతుంది. అందువల్ల తాడు వదులుగా వుండాలి, కట్టిన చెట్టు లేక గుంజ వరద మట్టానికి పైన వుండాలి. ఒక తాడు కాదు, ముందు ఒకటి వెనుక ఒకటి రెండు తాళ్లు కట్టాలి. రాయికి ఒరుసుకునే చోట తాడుకు గోనెపట్టా చుట్టాలి. లంగరు వేసి ఆగేటప్పుడు నీటి లోతుకు అయిదారు రెట్ల తాడు వదలాలి. పది అడుగుల లోతుకు పది అడుగుల తాడు వేస్తే లంగరు నిలబడదు, ఈడ్చుకు వస్తుంది.

కట్టు తెగిన పడవ ఎంత చేటు తెస్తుందో 2024 సెప్టెంబరు 1న లోకం చూసింది. ఆ వారం కోదాడ పట్టణాన్ని వరద ముంచెత్తింది. నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం వద్ద సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. అదే రోజు విజయవాడలో ఎగువ నుంచి కొట్టుకొచ్చిన బరువైన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్లకు గుద్దుకున్నాయి. గేట్లను పైకి ఎత్తడానికి తోడ్పడే పెద్ద దిమ్మెలు దెబ్బ తిన్నాయి. మర్నాడు బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పోయింది. ఇరుక్కున్న ఆ పడవలను తొలగించడానికి రోజుల తరబడి నానా తంటాలు పడ్డారు. తాడు తెగితే తన పడవ పోతుందిలే అనుకోవడానికి వీలు లేదని, దిగువన వున్న ఊళ్లకు కూడా ఆ తాడు పూచీ అని ఈ ఘటన తెలియజేసింది.

వేసవిలో మరమ్మతు

నీరు తగ్గిన వేసవిలో పడవను ఒడ్డుకు లాగి బోర్లించి మరమ్మతు చేయించడం పాత పద్ధతి. నేటికీ అదే మంచి పద్ధతి. పట్టిన నాచు గోకి, బల్లల సందుల్లోని పాత కూర్పు తీసి కొత్త నార దట్టించి, పైన నూనెలో కాచిన గుగ్గిలం గానీ తారు గానీ పూస్తారు. మేకులు తుప్పు పట్టిన చోట చెక్క నల్లబడి వుంటుంది. ఆ చోట చాకు మొనతో పొడిచి చూడాలి. మొన సులువుగా దిగితే ఆ బల్ల పని అయిపోయిందన్న మాట. రంగు వేసి కప్పిపుచ్చితే నడి నదిలో బయటపడుతుంది. ఎండిన పడవను ఒక్కసారిగా నీటిలో దించి ప్రయాణికులను ఎక్కించరాదు. ఒకటి రెండు రోజులు నీటిలో నాననిస్తే బల్లలు ఉబ్బి సందులు మూసుకుంటాయి.

ఫైబర్ పడవకు పుచ్చు పట్టదు. కానీ బండకు గీసుకుంటే పైపొర లేచి లోపలికి నీరు దిగుతుంది. అటువంటి గీతలను వెంటనే పూడ్పించాలి. ఇనుప పడవకు తుప్పే శత్రువు. పుట్టికి పట్టా చినగడం, వెదురు విరగడం తప్పవు కనుక ఏటా తారు పూయాలి.

ఇంజను పడవల్లో ఎక్కువ భాగం పొలాల్లో నీరు తోడటానికి వాడే డీజిలు ఇంజన్ల వంటివే. వీటి బాగు మన మెకానిక్కులకు తెలిసిందే. అయితే పొలంలో ఇంజను ఆగితే మడి తడవదు, నదిలో ఆగితే పడవ కొట్టుకుపోతుంది. కనుక ఇంజను వున్నా తెడ్లు, గడ వుండి తీరాలి. తిరిగే కడ్డీకి, చక్రానికి రేకు మూత వుండాలి. చీర కొంగు, జడ చుట్టుకుని ప్రమాదాలు జరిగే వీలుంది. డీజిలు డబ్బాకు దూరంగా బీడీ కాల్చుకోవాలని వేరే చెప్పనక్కర లేదు.

కాగితాలు వుండాలి

1917 నాటి పాత చట్టం స్థానంలో అంతర్దేశ నౌకల చట్టం 2021లో వచ్చింది. దీని ప్రకారం ఇంజనుతో నడిచే పడవకు రిజిస్ట్రేషను వుండాలి. పడవ గట్టితనాన్ని, ఎంతమందిని ఎక్కించవచ్చునో పరీక్షించి సర్వే సర్టిఫికెట్టు ఇస్తారు. నడిపేవారికి యోగ్యతా పత్రం వుండాలి. భీమా వుండాలి. ఒక రాష్ట్రంలో ఇచ్చిన రిజిస్ట్రేషను దేశమంతటా చెల్లుతుంది. ఒక ఒడ్డు తెలంగాణ, మరో ఒడ్డు ఆంధ్రప్రదేశ్ అయిన మన రేవులకు ఇది చెప్పుకోదగ్గ సౌకర్యం. ఇంజను లేని పడవలను కూడా స్థానిక సంస్థల ద్వారా నమోదు చేయించే ఏర్పాటు ఈ చట్టంలో వుంది.

కాగితాలంటే ఆఫీసుల చుట్టూ తిరగడమేనని చాలామంది విసుక్కుంటారు. కాగితం లేని పడవ మునిగితే భీమా రాదు, నష్టపరిహారానికి ఆధారం వుండదు, పైగా పడవ యజమాని మీద కేసు అవుతుంది. పాత పడవ కొనేవారు కాగితాలతో పాటు పడవ అడుగు కూడా చూసి కొనాలి. నీటిలో వున్న పడవను ఎన్నడూ కొనరాదు. ఒడ్డుకు లాగించి, బోర్లించి చూసిన తరువాతే బయానా ఇవ్వాలి.

విహారానికి, వ్యాపారానికి

మన జిల్లా కృష్ణకు జాతీయ జలమార్గమన్న హోదా వుందని చాలామందికి తెలియదు. 2008లో ప్రకటించిన 4వ నంబరు జాతీయ జలమార్గంలో వజీరాబాదు నుంచి విజయవాడ వరకు 157 కి.మీ. కృష్ణ చేరి వుంది. ఈ వజీరాబాదు మరేదో కాదు, మన వాడపల్లే. ఇదే జలమార్గంలో గోదావరి, కాకినాడ నుంచి పుదుచ్చేరి వరకు తీరం వెంబడి వున్న కాలువలు కూడా వున్నాయి. బకింగ్‌హాం కాలువలో పూర్వం మద్రాసు దాకా బియ్యం, ఉప్పు, కట్టెలు పడవల మీదే పోయేవి. సముద్రపు పోటు పాటులతో నీరు మారే ఆ కాలువల మీద ఎన్నో కుటుంబాలు పడవలోనే కాపురం వుండి బతికాయి. 2017 అక్టోబరులో ముక్త్యాల నుంచి విజయవాడ వరకు మొదటి దశ పనులకు శంకుస్థాపన జరిగింది. ముక్త్యాల పులిచింతలకు దిగువన వున్నది కనుక వాడపల్లి, మట్టపల్లి వాసులకు ఆ దశ వల్ల ఒరిగేది లేదు.

విహారం విషయానికి వస్తే సాగర్ నుంచి శ్రీశైలానికి నల్లమల కొండల నడుమ సుమారు 110 కి.మీ. లాంచీ ప్రయాణం పేరు పొందినది. జలాశయంలో నీరు నిండుగా వున్న కాలంలోనే ఇది సాగుతుంది. వాడపల్లిలో సంగమం, మీనాక్షీ అగస్త్యేశ్వర ఆలయం, మట్టపల్లిలో లక్ష్మీనరసింహస్వామి, నడుమ జాన్‌పహాడ్ దర్గా - ఇన్ని వున్న ఈ దారిలో కూడా సర్వే అయిన పడవలు, శిక్షణ పొందిన సరంగులు వుంటే నాలుగు కుటుంబాలకు బతుకుతెరువు దొరుకుతుంది.

రేవుకు కావలసినవి

ఇందుకు కోట్ల రూపాయల పనులు అక్కర లేదు. ప్రతి రేవులో నీటి మట్టం తెలిపే కొలత బోర్డు పెట్టాలి. సాగర్, టెయిల్‌పాండ్, మూసీ, పులిచింతల - ఈ నాలుగు చోట్ల నీరు వదిలే ముందు రేవుల్లో పడవ వున్నవారి ఫోన్లకు కబురు అందాలి. వరద గేట్లకే కాదు, కరెంటు కోసం వదిలే నీటికి కూడా ఈ కబురు వుండాలి. ఎందుకంటే వరద నాడు ఎవరూ నదిలోకి దిగరు. ఎండ కాసే రోజున, నది నెమ్మదిగా వున్న వేళ, వల వేసుకుని వున్నవాడి మీదికే ఆ నీరు వస్తుంది. ముంపు ఊళ్ల శిథిలాలు వున్న చోట నీటిపై తేలే గుర్తులు కట్టాలి. పడవల సర్వే కోసం యజమానులు దూరం పోనవసరం లేకుండా ఏటా వానలకు ముందు అధికారులే రేవుకు వచ్చి చూస్తే కాగితాలు లేని పడవ అంటూ మిగలదు.

కృష్ణా పుష్కరాలు 2016 ఆగస్టులో జరిగాయి. మళ్లీ 2028లో రానున్నాయి. వాడపల్లి, మట్టపల్లి ఘాట్లకు లక్షల్లో జనం వస్తారు. పడవ ఎక్కాలని పిల్లలు మారాం చేస్తారు. పుష్కరాలు ముంచుకొచ్చాక హడావిడి పడేకన్నా, కొలత బోర్డులు, కబురు ఏర్పాట్లు, సర్వేలు ఇప్పటి నుంచే మొదలు పెట్టడం మంచిది. అధికారుల పని అధికారులు చేసేలోగా పడవ వున్నవారు తమ పని తాము చేసుకోవచ్చు. తెల్లగీత గీసుకోవడానికి, రెండో తాడు కట్టుకోవడానికి, రేవులో కొలకర్ర పాతుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర లేదు.